నీళ్లలో మందు కలుపుతున్నరంటడు మా నాయన

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఒక ఊరు. నేను పెళ్లయి హైదరాబాద్‌లో ఎల్బీనగర్ వైపు ఉంటున్నాను. మా నాయనకు 63 ఏళ్లు. బత్తాయి తోట, కొంచెం పత్తి చేను ఉన్నాయి. ఎనిమిది నెలల నుంచి మా చిన్నాయన బోరులో, ఇంటి ట్యాంకులో మందు కలుపుతున్నాడని అంటున్నాడు. తాగితే గొంతు మండుతుందట. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకొని బోరు కాడ కావలి ఉంటాడు. రోజూ నీళ్లు ఖాళీ క్వార్టర్ సీసాలో పట్టి, మూతకు ప్లాస్టర్ చుట్టి, తేదీ రాసి సజ్జ మీద పెడతాడు. నేను పోయినప్పుడు లెక్కపెడితే 41 ఉన్నాయి. ఆయన గోస చూడలేక రెండు సీసాలు తెచ్చి ల్యాబులో పరీక్ష చేయించాను. పురుగు మందు లేదని కాగితం వచ్చింది. చూపిస్తే, "ల్యాబోన్ని గూడ కొన్నడా మీ చిన్నాయన" అన్నాడు. అప్పటి నుంచి నాతో కూడా మాట తగ్గించాడు. ఫోన్ కెమెరాకు ప్లాస్టర్ వేసుకున్నాడు. మిగతా అన్నిట్లో బాగానే ఉంటాడు, కూలీల లెక్క పైసా తప్పడు. ఎప్పుడూ ఏదో ఆలోచనలో ఉండి పిలిస్తే రెండోసారికి గానీ పలకడు. మోకాళ్ల నొప్పులకు మా ఊరి ఆర్ఎంపీ ఇచ్చే గోలీలు తప్ప వేరే మందులేమీ వాడడు. భూ రికార్డులు సరిచేసినప్పుడు మా ఆరు గుంటలు చిన్నాయన పేరు మీద పడిన మాట నిజం. ఇప్పుడు అమ్మ కూడా ఇంటి నీళ్లు మానేసి క్యాన్ తెప్పిస్తోంది. ఎవరో పెట్టుడు మందు పెట్టారు, కక్కించే ఆమె దగ్గరికి తీసుకుపొమ్మని ఊళ్లో అంటున్నారు. ఆర్ఎంపీ మాత్రం రుచి తెలియని చుక్కల మందు ఉంది, చాయలో కలిపి ఇవ్వమంటున్నాడు. మంచం కింద గొడ్డలి పెట్టుకొని పడుకుంటున్నాడని మొన్న అమ్మ చెప్పింది. తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం, ఇది బయట పడితే ఎట్లా అని ఇంకో భయం. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా, ముందు గొడ్డలి సంగతి చూద్దాం. మిగతావి వారం పది రోజులు ఆగినా ఆగుతాయి, అది ఆగదు.

ఇలాంటి అనుమానాలతో నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎవరినీ ఏమీ చేయలేదు. వాళ్లే భయపడుతూ, తలుపులు వేసుకుంటూ బతికారు. కానీ అనుమానం ఒక మనిషి పేరు మీద గట్టిపడి, ఆ మనిషి గోడ అవతలే ఉండి, చేతికందే చోట పనిముట్టు ఉన్నప్పుడు ఏమీ కాదులే అని నేను రాయలేను. మీ అమ్మతో ఈ రోజే మాట్లాడండి. గొడ్డలిని దొంగచాటుగా మాయం చేయొద్దు. అది కనిపించకపోతే చిన్నాయనే ఎత్తుకుపోయాడని ఆయన లెక్క వేసుకుంటాడు. "నీ మంచం కింద అది ఉంటే నాకు నిద్ర పడ్తలేదు, దొడ్లె పెడుతున్న" అని మొహం మీదే చెప్పి తీయమనండి. నలభై ఏళ్ల కాపురంలో ఆ మాత్రం చనువు ఆమెకు ఉంటుంది. పత్తికి కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఎవరింట్లోనన్నా తాళం వేసి పెట్టించండి. భయం ముదిరితే ఎదుటివాడి మీదికే పోవాలని లేదు, తన మీదికే తిరగొచ్చు. చిన్నాయనకు కూడా ఒక మాట చెప్పాలి. రాత్రిపూట ఆ బోరు వైపు రావద్దు, నాయన ఏమన్నా ఎదురు సమాధానం చెప్పొద్దు, కొన్నాళ్లు అంతే. ఎప్పుడైనా నాయన ఆయుధం పట్టుకొని బయలుదేరితే ఎవరూ అడ్డం పడొద్దు. 112కు ఫోన్ చేయండి. పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక చుక్కల మందు. ఆర్ఎంపీ చెప్పింది ఏ మందో నాకు తెలుసు. మేమూ రాస్తాం, అది చెడ్డ మందు కాదు. కానీ కలపొద్దు. మీ నాయన ఎనిమిది నెలల నుంచి చెబుతున్నది ఏమిటి? నాకు తెలియకుండా నేను తాగేదాంట్లో ఏదో కలుపుతున్నరని. రేపు మీరు చాయలో చుక్కలు వేస్తే ఆయన అంటున్నది నిజమవుతుంది. కలిపేది తమ్ముడు కాదు, బిడ్డ. అంతే తేడా. ఆ మందుకు మగత వస్తుంది, చేతులు వణుకుతాయి, నోట్లో చొంగ ఊరొచ్చు. ఒంట్లో ఏదో తేడా వచ్చిందని ఆయనకు తెలుస్తుంది. వెతుకుతాడు. ఏదో ఒక రోజు మీ అమ్మ చేతిలో సీసా దొరుకుతుంది. ఆ తర్వాత ఆమె చేతి బువ్వ ఆయన తినడు. చాలా ఇళ్లలో ఇది జరుగుతున్నదే, గత్యంతరం లేక చేస్తున్నారే తప్ప చెడ్డ బుద్ధితో కాదు. అయినా మీ ఇంట్లో వద్దనే అంటాను. ఆయన నమ్మగలిగిన మనుషులు ఇద్దరో ముగ్గురో మిగిలారు. ఆ లెక్క తగ్గనివ్వకండి.

తెలుగులో ఈ మందు అనే మాటే ఒక చిక్కు. రోగానికి వాడేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే, పగవాడు అన్నంలో పెట్టాడని అనుకునేదీ మందే. మీ నాయన తల్లో ఇవన్నీ కలిసిపోయి ఉన్నాయి. మందేసుకో నాయనా అని ఆయనతో ఎప్పుడూ అనకండి. గోలీ అనండి.

మీరు ల్యాబుకు పోవడం తప్పని అనను. నేనూ అదే తప్పు చేశాను. వృత్తిలోకి వచ్చిన కొత్తలో పాలమూరు నుంచి వలసపోయి తిరిగొచ్చిన ఒకాయన వచ్చాడు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని, పని సగంలో వదిలి ఊరికి చేరాడు. మేస్త్రి మనుషులు ప్రతి బస్సులో తన వెనకాలే ఎక్కుతున్నారని, రాత్రి ఇంటి కప్పు మీద తిరుగుతున్నారని అంటాడు. నాకు తెలివెక్కువై, మేస్త్రి నంబరు తీసుకొని ఆయన ముందే స్పీకర్ పెట్టి మాట్లాడాను. "ఆ పైసలు ఎప్పుడో ఇడిసిపెట్టిన సారూ, వానితో నాకేం పని" అన్నాడు అవతలాయన. నేను గెలిచిన మొహం పెట్టి చూశాను. నా పేషెంటు నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఆయన నంబరు మీరు గింత జల్ది ఎట్ల కలిపిండ్రు సారూ" అన్నాడు. నంబరు ఇచ్చింది తనే. మళ్లీ రాలేదు. ఆయన లెక్కలో నేనూ మేస్త్రి మనిషినే అయిపోయాను.

మీ ల్యాబు కాగితానికీ అదే జరిగింది. మామూలు అనుమానం సాక్ష్యం దొరికితే చల్లారుతుంది. ఈ రకం అనుమానం సాక్ష్యాన్నే మింగి బలుస్తుంది. బర్రె కూడా ఆ నీళ్లే తాగుతుంది కదా అని మీలో ఎవరో అడిగే ఉంటారు. దానికి విరుగుడు పోస్తుండు అనో ఇంకేదో అనో జవాబు సిద్ధంగా వచ్చి ఉంటుంది. మా భాషలో దీన్ని భ్రాంతి అంటాం, ఇంగ్లీషులో డెల్యూషన్. చాలామంది, అబద్ధాన్ని నమ్మితే భ్రాంతి అనుకుంటారు. అది సగమే. మా చదువులో పాతకాలం నుంచీ చెప్పే ఉదాహరణ ఒకటుంది. భార్య మీద అనుమానంతో రగిలిపోతున్న భర్త. ఆమెకు నిజంగానే ఇంకొకరితో సంబంధం ఉందనుకోండి. అయినా అతనిది జబ్బే కావొచ్చు. ఎందుకంటే అతను ఆ సంగతి కనిపెట్టింది చూసిన దాన్ని బట్టి కాదు, గోడ మీద బల్లి అరిచిన దిక్కును బట్టి. మనిషి ఏం నమ్ముతున్నాడు అని కాదు, ఆ నమ్మకాన్ని ఎట్లా పట్టుకున్నాడు అని చూస్తాం.

మీ ఇంటి సంగతికి ఇది బాగా అవసరం. ఎందుకంటే మీ నాయన మాటల్లో నిజం పాలు తక్కువేమీ కాదు.

మీది మర్రిగూడ వైపు అన్నారు. ఆ మండలంలో శివన్నగూడెం లాంటి ఊళ్లలో నీళ్లు మనుషుల్ని ఏం చేశాయో నేను మీకు చెప్పక్కర్లేదు. భూమి లోపలి గ్రానైటు రాళ్ల నుంచి ఫ్లోరైడు దిగి, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడనిది దానికి ఎన్నో రెట్లు ఉండేది. మీ నాయన తరంవాళ్లు ఆ నీళ్లే తాగి పెరిగారు. పళ్లు గారపట్టాయి, నడుములు వంగాయి, కాళ్లు దొడ్డి తిరిగాయి. అదే నీళ్లు మరిగించి తాగితే సరిపోతుందని చెప్పినవాళ్లూ ఉన్నారు. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇప్పుడు భగీరథ నల్లా వచ్చిందే కానీ, కంటికి తేటగా కనిపించే నీళ్లలో విషం ఉంటుందని, పెద్ద మనుషులు బాగున్నాయన్న నీళ్లు బాగుండకపోవచ్చని మీ నాయన చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఎక్కడో కోనసీమలో పుట్టి ఉంటే ఆయన భయానికి ఇంకేదో రూపం దొరికేది. భయం తన రూపాన్ని చుట్టుపక్కల నుంచే ఏరుకుంటుంది. లండన్‌లో జేమ్స్ టిల్లీ మాథ్యూస్ అని ఒక టీ వ్యాపారి ఉండేవాడు. దగ్గర్లో ఒక ముఠా గాలితో నడిచే మగ్గం లాంటి యంత్రం పెట్టి తన ఆలోచనల్ని ఆడిస్తోందని నమ్మాడు. ఆయన మీద వైద్యుడు రాసిన పుస్తకం 1810లో వచ్చింది. అది మగ్గాలకు యంత్రాలు బిగిస్తున్న కాలం. ఇప్పటివాళ్లు ఫోన్ కెమెరాకు ప్లాస్టర్ వేసుకుంటున్నారు.

ఆరు గుంటల సంగతి ఇంకో నిజం. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన, 2020లో ధరణి, ఆ తర్వాత భూభారతి. పేర్లు మారినా, ఒకరి గుంటలు ఇంకొకరి ఖాతాలో పడి ఏళ్లతరబడి తిరుగుతున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. అన్నదమ్ముల మధ్య గెట్టు పంచాయితీ అంటే ఆరు గుంటలు కాదు, ఆరు అడుగులే చాలు. ఆ అన్యాయం గురించి మీ ఇంట్లో ఎవరన్నా గట్టిగా పట్టించుకున్నారా? ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేశారు కాబట్టి అడుగుతున్నా. సర్వే చేయించి, రికార్డు సవరణకు అర్జీ పెట్టండి. మీరే పోయి పెట్టండి. దాంతో భ్రాంతికి నీళ్లు పోసినట్టు కాదు. నీళ్లలో విషం లేదన్న మాట ఆయన మీ నోట వినడు. ఆరు గుంటలు మనవే అన్న మాట వింటాడు. రెండూ నిజాలే, మీరు రెండోది పట్టుకోండి. చిన్నాయన సర్వేకు ఒప్పుకుంటే మంచిదే. ఒప్పుకోకపోతే, మీ నాయన కోపంలో కొంత భాగం జబ్బు కాదని నాకూ అర్థమవుతుంది.

ఇప్పుడు మీరు దాటేసిన ఇంకో మాట. పిలిస్తే రెండోసారికి గానీ పలకడు అన్నారు. ఆలోచనలో ఉండి పలకడం లేదని మీరే తీర్పు ఇచ్చారు. నాకైతే ఆయనకు వినపడడం లేదేమో అనిపిస్తోంది.

హోటల్ ముందు బల్ల మీద మీ చిన్నాయన, ఇంకో ఇద్దరు కూర్చొని చాయ తాగుతున్నారనుకోండి. మీ నాయన దగ్గరికి వస్తాడు. పెదాలు కదులుతున్నాయి. ఒకాయన నవ్వాడు. చివర్లో ఏదో "...నీళ్లు..." అన్నట్టు వినిపించింది. వాళ్లు మాట్లాడుకున్నది చెరువు నీళ్ల గురించో, పెళ్లిలో మంచినీళ్లు సరిపోని సంగతో కావొచ్చు. ఆయనకు అందినవి ఒక నవ్వు, ఒక మాట, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీని మనసు పూరిస్తుంది. భయంలో ఉన్న మనసు భయంతోనే పూరిస్తుంది. అరవై దాటాక కొత్తగా మొదలైన అనుమానాల్లో చెవుడు పాత్ర ఉందని వైద్యంలో ఎప్పటి నుంచో తెలుసు. చూపు మందగించడానికీ అంతే. నేను గట్టి గట్టి గోలీలు రాసి ఫలితం లేక కూర్చున్న కేసుల్లో, గుబిలి తీయించి చెవి మిషన్ పెట్టించాక సగం దిగివచ్చినవి ఉన్నాయి. అన్నీ అట్లా దిగవు. కానీ చూడకుండా వదలకూడదు.

ఆయన్ని దవాఖానకు తీసుకుపోయే దారి కూడా అదే. "మానసిక డాక్టర్ దగ్గరికి పోదాం" అంటే "నాకేమన్న పిస్సలేసిందా, ఎర్రగడ్డకు పంపుతరా" అంటాడు. చెవి చూపించుకుందాం అంటే అది అబద్ధం కాదు, నిజంగానే చూపించాలి. నిద్ర కూడా నిజమే. రాత్రంతా బోరు కాడ మేలుకునే మనిషికి కళ్లు మండుతాయి, తల దిమ్ముగా ఉంటుంది. వరసగా నిద్ర లేకపోతే ఎవరికైనా అనుమానాలు ముదురుతాయి, మీకైనా నాకైనా. నిద్ర లేక అవస్థ పడుతున్నానని ఆయనే ఒప్పుకుంటాడు, దాని మీద చేయి పెట్టండి.

గొంతు మంట సంగతి. అది ఊహ అని కొట్టేయకండి. మోకాళ్లకు ఆర్ఎంపీ గోలీలు వాడుతున్నాడు. నొప్పి గోలీలు కడుపులో పుండు చేస్తాయి, పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. అంటే మంట నిజం, కారణం వేరు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. మోకాళ్ల నొప్పి చిటికెలో తగ్గుతుందని ఇచ్చే పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసి ఉండడం మన పల్లెల్లో కొత్త కాదు. డెక్సామెథసోన్, బెటామెథసోన్ లాంటివి. ఇవి కొందరిలో నిద్ర పోగొడతాయి, మనసును రెచ్చగొడతాయి, అనుమానాలు పుట్టిస్తాయి. ఆయన వాడే ప్రతి గోలీ అట్టతో సహా డాక్టర్‌కు చూపించండి. అట్ట లేకుండా విడిగా ఇచ్చిన గోలీలుంటే అవే ముందు చూపించండి. స్టెరాయిడ్ అని తేలితే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. ఎక్కువ కాలం వాడినదాన్ని మెల్లగా తగ్గించాలి. నీళ్లలో మందు వెతుకుతున్న మనిషికి అసలు మందు పొట్లంలో ఉందని తేలితే, అంతకన్నా ఏం చెప్పను.

సీసాలు క్వార్టరువి అన్నారు. అవి ఆయన తాగినవా, ఏరి తెచ్చినవా మీరు రాయలేదు. కనుక్కోండి. ఏళ్ల తరబడి తాగుడు కూడా ఇట్లాంటి అనుమానాలకు దారి తీస్తుంది. కల్లు అలవాటుందేమో కూడా అడగండి. దుకాణంలో అమ్మే కల్తీ కల్లులో డయజిపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారని మన జిల్లాల్లో అందరికీ తెలుసు. అది ఉన్నట్టుండి దొరకకపోతే వణుకు, ఫిట్స్, లేనిది కనిపించడం, ఎవరో తరుముతున్నట్టు భయం. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు కట్టడి చేసినప్పుడు ఈ లక్షణాలతో జనం వందలమంది దవాఖానలకు వచ్చారు. అయితే అది కల్లు ఆగిన కొద్ది రోజుల్లో పుట్టి, వైద్యంతో కొన్ని రోజుల్లోనే తగ్గే వ్యవహారం. మీ నాయనది ఎనిమిది నెలలది కాబట్టి అదొక్కటే కారణం అనుకోను.

నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల దవాఖానకు తీసుకుపోండి. చెవి డాక్టర్‌తో మొదలుపెట్టండి. రక్తంలో థైరాయిడ్, బీ12, సోడియం, షుగర్, మూత్ర పరీక్ష, వీటితో పాటు జ్ఞాపకశక్తి పరీక్ష చేయించాలి. కూలీల లెక్క తప్పడంటే మతిమరుపు జబ్బుకు అవకాశం తక్కువే, కానీ తేల్చుకోవాలి. మతిమరుపు జబ్బులో కూడా "నా వస్తువు ఎత్తుకుపోయిండ్రు" అనే అనుమానాలు మామూలు. ఆ జబ్బున్న పెద్దవాళ్లలో, అనుమానాలకు మేం వాడే గోలీలు పక్షవాతం ముప్పు పెంచుతాయి కాబట్టి లెక్క మారిపోతుంది. అదే దవాఖానలో మానసిక వైద్యుల్ని కూడా కలవాలి. ఆ సంగతి దాచిపెట్టి తీసుకుపోవద్దు. చెవి గది నుంచి బయటికి వచ్చాక, "నిద్ర కోసం ఇంకో డాక్టర్‌ను కూడా చూద్దాం, మనసు డాక్టరే, నేను కూడా లోపలికొస్త" అని చెప్పండి. వద్దంటే ఆ రోజుకు వదిలేసి రండి. ఇంకోసారి పోవచ్చు. దవాఖానకు పోయేలోపు మీకే ఏదన్నా అడగాలనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. టెలీమానస్ అంటారు, 2022 నుంచి నడుస్తోంది, పైసలు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

బలవంతంగా పట్టుకుపోయి చేర్పించొచ్చా అని మీరు అడగలేదు, మీ తమ్ముడు అడుగుతాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మనిషి ఇష్టం లేకుండా చేర్చాలంటే ఆయన వల్ల ఆయనకో ఇంకొకరికో ముప్పు ఉండాలి, లేదా తన ఆలనాపాలనా తనే చూసుకోలేని స్థితి రావాలి. ఒకరు మానసిక వైద్యుడిగా ఇద్దరు విడివిడిగా పరీక్షించి ఒప్పుకోవాలి. అది కూడా మొదట 30 రోజులు మించకూడదు. ఇంట్లోనైనా దవాఖానలోనైనా గొలుసులు వేయడం నేరం. ఇప్పటికి మీకు ఆ అవసరం రాలేదు. గొడ్డలి మళ్లీ మంచం కిందికి చేరితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఆయనతో ఏం మాట్లాడాలి. "అట్లేం లేదు నాయనా" అనొద్దు. "అవును, చిన్నాయనే చేస్తుండు" అని కూడా అనొద్దు. ఈ రెండింటికీ మధ్య నిలబడడం కష్టమే. "నేనైతే ఆ మందు చూడలేదు. కానీ నువ్వు ఎనిమిది నెలల నుంచి నిద్రపోతలేవు, అది నాకు కనపడుతుంది" అనండి. మీరు ఏం చూశారో అది చెప్పండి, చూడనిది చూశానని అనకండి. ఆయన రెట్టించి అడుగుతాడు, "నువ్ నమ్ముతున్నవా లేదా" అని. "నీకు భయమైతుందని నమ్ముతున్న" అనండి. విసుక్కుంటాడు. ఆ విసుగు భరించండి. నవ్వకండి. మీలో మీరు, అమ్మా మీరూ వంటింట్లో గుసగుసలాడకండి. చెవులు మందమైన మనిషికి గుసగుస అంటే కుట్రే. మాట్లాడేటప్పుడు ఎదురుగా, వెలుతురులో కూర్చొని, పెదాలు కనపడేట్టు, కాస్త నెమ్మదిగా మాట్లాడండి. సీసాల మీద తేదీలు రాసుకుంటున్నాడు కదా, రాయనివ్వండి.

మీ అమ్మ సంగతి. ఒకరి భ్రాంతి పక్కన ఉన్న ఇంకొకరికి అంటుకోవడం ఉంది. ఫ్రాన్సులో ఇద్దరు వైద్యులు 1877లోనే దాని మీద రాశారు. సాధారణంగా లోకంతో రాకపోకలు తక్కువై, ఇద్దరే ఒక ఇంట్లో మిగిలిపోయినప్పుడు అట్లా అవుతుంది. దూరంగా పెడితే చాలాసార్లు రెండో మనిషికి తగ్గిపోతుంది. అయితే మీ అమ్మ క్యాన్ నీళ్లు తెప్పించడం ఆ జబ్బే అని నేను అనుకోవడం లేదు. రోజూ ఆ పంచాయితీ వినలేక, ఒక క్యాన్‌తో ఇల్లు సద్దుమణుగుతుందని తెప్పిస్తూ ఉండొచ్చు. నలభై ఏళ్లుగా ఆయనతో ఉన్న మనిషికి తెలియదా. ఒక వారం మీ ఇంటికి తెచ్చుకోండి, తమ్ముణ్ని అక్కడ ఉంచి. మీ ఇంట్లో నల్లా నీళ్లు మామూలుగా తాగుతుందో లేదో గమనించండి. తాగితే ఆమెకు కావలసింది వైద్యం కాదు, కొంచెం విశ్రాంతి.

కక్కించే ఆమె దగ్గరికి పంపొద్దు. చెర్వుగట్టు మీద అమావాస్య నిద్ర చేద్దామంటే నేనేమీ అడ్డం చెప్పను. దాంతో నష్టం లేదు, మొక్కు వాళ్లకు ధైర్యం. కానీ పెట్టుడు మందు కక్కించేవాళ్లు ఆయన వాంతిలో నుంచి ఒక ముద్దో వెంట్రుకల ఉండో తీసి చూపిస్తారు. ఎనిమిది నెలలుగా ఆయన వెతుకుతున్న సాక్ష్యం అదే. ఎవరు పెట్టారో కూడా వాళ్లే చెబుతారు, అవతల పేరు సిద్ధంగానే ఉంది. ఈ ప్రాంతంలో మంత్రాలు చేస్తున్నాడన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన సంగతులు మీరు పేపర్లలో చదివే ఉంటారు.

జబ్బు తేలి గోలీలు మొదలుపెడితే ఏం జరుగుతుందో ముందే చెబుతాను, లేకపోతే మూడో వారంలో మానేస్తారు. ఈ వయసులో చాలా తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ముందు నిద్ర వస్తుంది. ఒకటి రెండు వారాల్లో ఆ పట్టుదల, ఆ రాత్రి కావలి కొంచెం సడలుతుంది. నమ్మకం మాత్రం నెలలు తీసుకుంటుంది. చాలామందిలో అది పూర్తిగా పోదు, పక్కకు జరిగి కూర్చుంటుంది. "అప్పుడు నేనే తప్పుగ అనుకున్న" అని ఆయన నోటితో చెప్పించాలని చూడకండి. ఎక్కువమంది ఏమంటారో తెలుసా? "అప్పుడైతే కలిపిండ్రు, ఇప్పుడు భయపడి బంద్ చేసిండ్రు." ఆ మాట విన్న రోజున నేను కేసు షీటులో బాగైందనే రాస్తాను. బరువు పెరగడం, చేతి వణుకు, నడక బిగుసుకోవడం కనిపిస్తే డాక్టర్‌కు చెప్పండి, మార్చుకోవచ్చు. తగ్గింది కదా అని మీరే ఆపేయకండి.

తమ్ముడి సంబంధం. ఇరవైల్లో మొదలయ్యే జబ్బులకు వంశం కొంత లెక్కకు వస్తుంది. అరవై దాటాక మొదలైనదానికి ఆ సంబంధం చాలా తక్కువ. పిల్ల తరఫువాళ్లు అడిగితే, మా నాయనకు చెవులు సరిగా వినపడవు, నిద్ర పట్టని జబ్బుంది, దవాఖానకు చూపిస్తున్నాం అని చెప్పండి. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

వచ్చే సోమవారం పొద్దున్నే బయలుదేరండి, చెవి విభాగంలో రద్దీ తక్కువ ఉన్నప్పుడు పేరు రాయించుకోవచ్చు. గోలీ పొట్లాలు మర్చిపోకండి. దారిలో తాగడానికి ఆయనకు నచ్చిన నీళ్ల సీసా ఆయన్నే పట్టుకోమనండి, మూత ఆయనే తీసుకుంటాడు. సజ్జ మీది సీసాలు అట్లాగే ఉండనివ్వండి. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష కాగితం వచ్చాక నాకు మళ్లీ రాయండి.